నమ్మకానికి పూచీ ఎవరు?

ధనాన్ని గురించి లోతుగా ఆలోచించినవారందరూ ఏదో ఒక దశలో ఒక విచిత్రమైన సత్యాన్ని ఎదుర్కొంటారు. చేతిలోని నాణెం విలువ నాణెంలో లేదు. రేపు దానిని మరొకడు కాదనక పుచ్చుకొంటాడన్న నమ్మకంలో ఉన్నది. బంగారానికి సైతం ఈ నియమం వర్తిస్తుంది. ఆకలిగొన్నవాడు బంగారాన్ని తినలేడు. దానిని ఇచ్చి బియ్యం తెచ్చుకోగలనని నమ్ముతాడు, అంతే. కనుక ధనాన్ని గురించిన ప్రతి ప్రశ్నా చివరకు నమ్మకాన్ని గురించిన ప్రశ్నగా పరిణమిస్తుంది. ఎవరిని నమ్మవలె? ఎందుకు నమ్మవలె? ఆ నమ్మకం వమ్మయిననాడు నష్టాన్ని భరించేవాడెవడు? మొదటి రెండు ప్రశ్నలను అర్థశాస్త్రజ్ఞులు విరివిగా చర్చించినారు. మూడవది నీతికి సంబంధించినది. పెద్ద పెద్ద సాంకేతిక సంస్థలు బ్లాక్‌చైన్ అనే కొత్త లెక్కల పద్ధతిపై చూపిన ఆసక్తి, ఆ ఆసక్తి వల్ల క్రిప్టో ధనానికి కలిగిన ఎగుడుదిగుళ్లు, ఈ మూడవ ప్రశ్నను మన ముందుకు మళ్లీ తెచ్చినవి.

హిందీలో వర్తకుని పరపతిని 'సాఖ్' అంటారు. ఆ మాటకు మూలం సాక్ష్యం. నలుగురు సాక్ష్యం చెప్పగల నడవడి ఎవనికి ఉన్నదో అతనికే బజారులో అప్పు పుడుతుందని ఆ మాటలోని భావం. తెలుగులో 'పూచీ' అనే మరొక మాట ఉన్నది. రెండు భాషల నడుమ పనిచేసే అనువాదకునికి ఈ రెండు మాటలూ ఒకటి కావని త్వరలోనే తెలిసివస్తుంది. సాక్షి జరిగినదానిని చెప్పి ఊరుకొంటాడు. పూచీ పడినవాడు అట్లా ఊరుకొనడానికి వీలు లేదు. అప్పు తీసుకొన్నవాడు చెల్లించకపోతే తాను చెల్లించవలె. సాక్షికి కళ్లుంటే చాలును. పూచీదారుకు గుండె ఉండవలె, దానితోపాటు కొంత ఆస్తి కూడా ఉండవలె. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొంటే నేటి చర్చలోని చిక్కుముడి కొంతవరకు విడిపోతుంది.

బ్లాక్‌చైన్ అంటే ఏమిటో సామాన్య పాఠకునికి చెప్పవలెనంటే పాత గ్రామ వ్యవస్థను తలచుకొంటే చాలును. ఆంధ్రదేశంలో ఊరి భూముల లెక్కలు తరతరాలుగా కరణం దస్తరంలో ఉండేవి. 1984లో ఆ పదవులు రద్దయ్యేవరకు, దస్తరం ఎవని ఇంట ఉంటే వానిదే మాట. అతడు మంచివాడైతే ఊరు బాగుపడినది. కాకపోతే ఒక్క గీతతో పొలం చేతులు మారినది. ఇప్పుడు ఆ దస్తరానికి వేలకొలది నకళ్లు తీసి, వేలమంది ఇళ్లలో ఉంచినారని ఊహించండి. కొత్త పద్దు వ్రాయవలెనంటే అందరి ప్రతులలోనూ వ్రాయవలె. పైగా వెనుకటి పుట గుర్తు తర్వాతి పుటలో ముద్రితమై ఉంటుంది గనుక, ఎవడైనా పాత పద్దును రహస్యంగా దిద్దితే అటుపైని పుటలన్నీ తప్పిపోయి దొంగతనం బయటపడుతుంది. సతోషి నకమోతో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన ఒక చిన్న వ్యాసం ఈ పద్ధతితో బిట్‌కాయిన్ అనే ధనాన్ని ప్రతిపాదించినది. 2009 జనవరి 3న ఆ చిట్టా మొదటి పుట తెరుచుకొన్నది. బ్యాంకులను ఆదుకొనడానికి బ్రిటిష్ ప్రభుత్వం రెండవమారు సిద్ధపడుతున్నదన్న ఆనాటి లండన్ పత్రికా శీర్షిక ఆ పుటలోనే పొందుపరచబడి ఉన్నది. ఉద్దేశం స్పష్టమే. బ్యాంకులను నమ్మి మోసపోయినాము, ప్రభుత్వాలు ఆ మోసానికి మన సొమ్ముతో వెల చెల్లిస్తున్నవి, ఇకమీదట ఎవరినీ నమ్మనక్కరలేని ధనం కావలెనని దాని సారాంశం.

ఈ కోరికను పిచ్చి అని త్రోసివేయరాదు. 2016 నవంబరు 8 రాత్రి, చలామణిలో ఉన్న డబ్బు విలువలో నూటికి 86 వంతులు ఒక్క ప్రకటనతో చెల్లకుండా పోవడం చూచిన మన దేశ ప్రజలకు, రాజముద్రకు సైతం హద్దులున్నవని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే బ్లాక్‌చైన్ ఇచ్చినదేమిటి? వేల యంత్రాలను అది సాక్షులుగా నిలిపినది. మానవ చరిత్రలో ఇంత నిష్పాక్షికమైన సాక్షిసమూహం మునుపు లేదు. కాని ఆ సాక్షులలో ఒక్కరైనా పూచీదారు లేడు. తాళపుమాట పోగొట్టుకొన్నవాని ధనాన్ని ఆ యంత్రాలు తిరిగి ఇవ్వలేవు. మోసగించి తీసుకొన్నవాని పేరన పద్దు పడినదంటే, ఆ పద్దు సక్రమంగానే పడినదని అవి సాక్ష్యమిస్తవి. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డులను ఈ పద్ధతిలో భద్రపరచే ప్రయత్నం ఆరంభించినప్పుడు కూడా ఇదే ప్రశ్న ఎదురైనది. మొదటి పద్దులోనే తప్పు పేరు ఉంటే, చెరగని చిట్టా ఆ తప్పును చెరగకుండా కాపాడుతుంది గదా!

నమ్మకాన్ని పూర్తిగా తొలగించడం సాధ్యమేనా అన్న సందేహానికి 2016లోనే ఒక సమాధానం లభించినది. ఈథీరియం అనే మరొక చిట్టాపై నడిచిన 'డావో' అనే ఉమ్మడి నిధి నుండి, దాని నియమాలలోని లొసుగును ఆధారం చేసుకొని ఎవడో పెద్దమొత్తం లాగుకొన్నాడు. నియమమే చట్టమన్న సిద్ధాంతం ప్రకారం అది దొంగతనం కానే కాదు. కాని ఆ చిట్టాను నడిపేవారిలో అధికసంఖ్యాకులు కూడి, ఆ సంవత్సరం జూలైలో చిట్టాను రెండుగా చీల్చి, పోయిన సొమ్మును వెనుకకు తెచ్చినారు. అందుకు అంగీకరించనివారు పాత చిట్టానే పట్టుకొని మరొక పేరుతో కొనసాగినారు. ఎవరు సరి, ఎవరు తప్పు అన్నది వేరు విషయం. ఆపద వచ్చిననాడు యంత్రం మౌనం వహించినది. మనుషులే కూర్చుండి తీర్పు చెప్పవలసివచ్చినది. నమ్మకం తొలగిపోలేదు. చేతులు మారినది, అంతకుమించి కంటికి కనపడని చోటికి చేరినది.

ఇట్టి స్థితిలో మహాసంస్థలు రంగప్రవేశం చేసినవి. వాటి ఆసక్తి రెండు దారులలో సాగినది. మొదటిది, నాణేన్ని విడిచి చిట్టాను మాత్రం స్వీకరించే దారి. ఐబీఎం, మెర్స్క్ అనే ఓడల సంస్థతో కలిసి, 2018లో సముద్ర రవాణా పత్రాల కోసం ట్రేడ్‌లెన్స్ అనే ఉమ్మడి చిట్టాను నెలకొల్పినది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థలు తమ యంత్రశాలలలో బ్లాక్‌చైన్‌ను అద్దెకిచ్చే సేవలు తెరిచినవి. మైక్రోసాఫ్ట్ తన సేవను 2021 సెప్టెంబరులో మూసివేసినది. ట్రేడ్‌లెన్స్‌ను ఆపివేస్తున్నట్లు 2022 నవంబరులో ప్రకటన వెలువడినది. ఓడల రంగమంతటి సహకారం తమకు లభించలేదని నిర్వాహకులే చెప్పినారు. ఇందులో ఒక నీతి ఉన్నది. ఒకరినొకరు నమ్మని వర్తకులను కలపడానికి పుట్టిన పనిముట్టు, ఆ వర్తకులలో ఒకడు దానికి యజమాని అయినప్పుడు, మిగిలినవారికి దూరమైపోతుంది. పోటీదారు ఇంట ఉన్న దస్తరంలో తన లెక్క వ్రాయించడానికి ఎవడు ఇష్టపడతాడు?

రెండవ దారి మరింత సాహసోపేతమైనది. 2019 జూన్ 18న ఫేస్‌బుక్ సంస్థ లిబ్రా అనే ప్రపంచవ్యాప్త ధనాన్ని ప్రతిపాదించినది. దానిని నడపడానికి జెనీవాలో ఒక సంఘం ఏర్పాటైనది. వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ వంటి సంస్థలు తొలి సభ్యుల జాబితాలో ఉన్నవి. చిట్టాను వ్రాసే హక్కు ఆ సభ్యులకు మాత్రమే. సభ్యత్వానికి కనీసం కోటి డాలర్ల పెట్టుబడి కావలె. లిబ్రాకు వెనుక దన్నుగా ఉంచే నిల్వపై వచ్చే వడ్డీ, ధనాన్ని వాడుకొనే సామాన్యునికి చెందదు. ఖర్చులు పోగా తొలి పెట్టుబడిదారులకు చెందుతుంది. ఈ చివరి షరతును ఎక్కువమంది పట్టించుకోలేదు గాని, నీతి దృష్టితో చూస్తే అదే ముఖ్యమైనది. కోట్లమంది పేదల చిల్లర డబ్బు పోగై నిల్వ అయితే, ఆ నిల్వ ఫలం ఎవరిది?

ఇక క్రిప్టో ధనంపై ఈ ఆసక్తి కలిగించిన ప్రభావాన్ని చూతము. 2018 జనవరిలో ఫేస్‌బుక్ క్రిప్టో ప్రకటనలను నిషేధించినది. మార్చిలో గూగుల్ కూడా అట్టి నిర్ణయాన్నే ప్రకటించినది. మోసాల నుండి ప్రజలను కాపాడడం కోసమే ఆ నిషేధాలని అవి చెప్పినవి. ఏడాదిన్నర తిరగకముందే ఫేస్‌బుక్ తానే కొత్త నాణెంతో ప్రత్యక్షమైనది. లిబ్రా ప్రకటన వెలువడిన కొద్దిదినాలకే బిట్‌కాయిన్ ధర 10,000 డాలర్లను, ఆ నెల చివరి వారంలో 13,000 డాలర్లను దాటినది. జూలై మధ్యలో అమెరికన్ సెనేట్ సంఘం లిబ్రా ప్రతినిధిని నిలదీసిన దినాలలో మళ్లీ 10,000కు దిగువకు జారినది. ధరలకు పెక్కు కారణాలుంటవి గనుక, ఈ ఒక్క కారణమే సర్వస్వమని అనరాదు. అయినా 2021లో మరింత స్పష్టమైన ఉదాహరణ కనిపించినది. టెస్లా సంస్థ 150 కోట్ల డాలర్ల విలువగల బిట్‌కాయిన్ కొన్నట్లు ఫిబ్రవరిలో తెలియగానే ధర ఎగసినది. కార్లకు వెలగా బిట్‌కాయిన్‌ను ఇక పుచ్చుకొనబోమని మేలో ఆ సంస్థ అధిపతి చెప్పగానే పడిపోయినది.

ఇందులోని వైరుధ్యాన్ని పాఠకులు గమనింపవలె. ఏ పెద్ద పేరునూ నమ్మనక్కరలేదన్న ప్రతిజ్ఞతో పుట్టిన ధనం, పెద్ద పేర్లు నవ్వితే పెరిగినది, కనుబొమ ముడిస్తే తరిగినది. అనగా యంత్రాల సాక్ష్యం మాత్రమే మనుష్యులకు చాలలేదు. ఎవరో గొప్పవాడు వెనుక ఉన్నాడన్న ధైర్యం కావలసివచ్చినది. వారు వెతుకుతున్నది పూచీదారును. మహాసంస్థలు ఆ స్థానంలో కనిపించినవే గాని, ఆ స్థానపు బరువును తలకెత్తుకొన్నవా? టెస్లా మాట విని కొని నష్టపోయినవానికి టెస్లా ఏమీ బాకీ లేదు. పేరు అరువిచ్చినది, పూచీ ఇవ్వలేదు. బజారులో ఈ రెండింటినీ ఒకటిగా భ్రమించినవాడే ఎప్పుడూ నష్టపోతాడు.

మన ప్రాంతపు పాత వర్తకులు ఈ భ్రమకు తావివ్వలేదు. ఉత్తర హిందూస్థానంలో, గుజరాతులో, దక్కనులో శతాబ్దాలపాటు నడచిన హుండీలలో 'షాహ్‌జోగ్' అనే రకం ఒకటి ఉన్నది. ఆ హుండీ సొమ్మును ఎవనికి పడితే వానికి చెల్లించరు. బజారులో మర్యాద గల 'షాహు' ద్వారా వచ్చినప్పుడే చెల్లిస్తారు. ఆ హుండీ తర్వాత దొంగదని తేలితే, సొమ్ము పుచ్చుకొన్న షాహు దానిని వడ్డీతో తిరిగి చెల్లించవలె. ఇక్కడ మర్యాద అనేది అలంకారం కాదు. తప్పు జరిగిననాడు తాను మోయవలసిన బరువు. 1881లో ఆంగ్ల ప్రభుత్వం చేసిన చట్టం సైతం దేశభాషలలో వ్రాసిన ఇట్టి పత్రాల స్థానిక ఆచారాలను భంగపరచకుండా విడిచిపెట్టినది.

రాజుల కథ కూడా ఒకటి చెప్పుకోవచ్చును. పదునాలుగవ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ వెండి నాణేల విలువతో ఇత్తడి, రాగి నాణేలను చలామణి చేసినాడు. ఇంటింటా దొంగ నాణేలు తయారైనవి. ఈ కథను అందరూ పరిహాసంగా చెప్పుకొంటారు గాని, దాని చివరి ఘట్టాన్ని మరచిపోతారు. ప్రయోగం విఫలమైన పిదప సుల్తాను ఆ నాణేలకు బదులుగా ఖజానా నుండి బంగారు వెండి నాణేలు ఇప్పించినాడనీ, తుగ్లకాబాదులో రాగి గుట్టలు పడినవనీ చరిత్రకారుడు బరనీ వ్రాసినాడు. బుద్ధిహీనమైన ప్రయోగమే కావచ్చును. కాని మాట ఇచ్చినవాడు నష్టాన్ని తన నెత్తిన వేసుకొన్నాడు. తెలివితక్కువవాడని పేరుపడిన ఆ సుల్తాను చేసిన ఈ పనిని తెలివిగల మన కాలంలో ఎందరు చేసినారు? 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో విపణి కూలినప్పుడు, అంతకుమునుపు దానికి పేరు అరువిచ్చిన ప్రముఖులు తమ ఖజానాలను తెరిచినట్లు మనం వినలేదు.

వ్యాపార సంస్థ నాణెం ముద్రించడం మన దేశానికి కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ 1835 చట్టం ద్వారా తన ఏలుబడిలోని ప్రాంతాలన్నింటా ఒకే రూపాయిని నెలకొల్పినది. ఒక ప్రక్క రాజు తల, మరొక ప్రక్క కంపెనీ పేరు. అంతకు ముందు ముర్షిదాబాదులో జగత్‌సేఠుల ఇల్లు నవాబు టంకశాలపై అధికారం సంపాదించినది. 1757లో నవాబును మార్చే కుట్రలో ఆ ఇంటి హస్తం ఉన్నది. ఫేస్‌బుక్‌ను ఈస్టిండియా కంపెనీతో పోల్చడం అతిశయోక్తి. దానికి సైన్యం లేదు, కోటలు లేవు. ఐనప్పటికీ ఒక మాట నిజం. ధనాన్ని ముద్రించేవాడు వర్తకునిగా మొదలైనా, వర్తకునిగానే మిగిలిపోడు. 2019లో ఫ్రాన్సు ఆర్థికమంత్రి మొదలుకొని అమెరికన్ ప్రతినిధుల వరకు లిబ్రాను ప్రతిఘటించడానికి ఈ భయమే మూలం. ఆ జూలైలోనే, ప్రజల స్వంత వివరాలను కాపాడలేకపోయినందుకు ఫేస్‌బుక్‌పై అమెరికా 500 కోట్ల డాలర్ల జరిమానా విధించినది. మన మాటలను దాచలేనివాడు మన మూటను దాచగలడా అని జనం అడగడం సహజం.

ప్రతిపక్షపు వాదాన్ని కూడా న్యాయంగా వినవలె. లోకంలో సుమారు 170 కోట్లమంది పెద్దలకు బ్యాంకు ఖాతా లేదని లిబ్రా పత్రం చెప్పినది. ఆ లెక్క ప్రపంచబ్యాంకుదే. వలసకూలీ ఇంటికి పంపే సొమ్ములో సగటున నూటికి ఆరుకు పైగా దారిలోనే ఖర్చవుతున్నది. కరీంనగరం నుండి, కడప నుండి, గోదావరి జిల్లాల నుండి గల్ఫు దేశాలకు పోయి చెమటోడ్చే మన తెలుగువారికి ఆ ఆరు రూపాయల విలువ తెలుసును. సంస్థలు ఆ ఖర్చును తగ్గించగలిగితే, వాటి లాభాపేక్షను తలచుకొని మనం ముక్కు విరవడం న్యాయమా? ఎండలో నిలబడినవానికి నీడ ఎవరి చెట్టుదన్న విచారం ఉండదు.

వాదంలో బలం ఉన్నది. దీనికి సమాధానం సిద్ధాంతాల నుండి కాక, ఆచరణ నుండి చెప్పవలె. మన దేశంలో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016లో యూపీఐ పద్ధతిని ఆరంభించినది. అందులో బ్లాక్‌చైన్ లేదు, కొత్త నాణెం లేదు. సొమ్ము బ్యాంకులోనే ఉంటుంది. పొరపాటు జరిగితే ఫిర్యాదు చేయడానికి రిజర్వు బ్యాంకు ఏర్పరచిన అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో ఈ పద్ధతిని సింగపూరు చెల్లింపుల పద్ధతితో జతపరచినారు. కాబట్టి పేదవానికి నీడ కావలెనంటే మహాసంస్థ చెట్టు ఒక్కటే గతి కాదు. అయితే ఇక్కడ కూడా తృప్తిపడి ఊరుకొనరాదు. యూపీఐ బాట ప్రజలది. ఆ బాటపై నడిచే బండ్లలో అధికభాగం ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు సంస్థలవి. ఏ ఒక్క సంస్థ వాటా నూటికి ముప్పది దాటరాదని 2020లో నియమం ప్రకటించినా, దాని అమలు గడువును మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వచ్చినారు. బాట వేసినంత సులభం కాదు, బాటపై న్యాయం నిలపడం.

లిబ్రా కథ త్వరగానే ముగిసినది. 2019 అక్టోబరులో పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్, స్ట్రైప్ ఒకటొకటిగా తప్పుకొన్నవి. 2020 డిసెంబరులో దాని పేరు డియెమ్‌గా మారినది. 2022 జనవరిలో మిగిలిన ఆస్తులను సిల్వర్‌గేట్ అనే బ్యాంకుకు అమ్మివేసినారు. మరుసటి సంవత్సరం మార్చిలో ఆ బ్యాంకే తలుపులు మూసుకొనడానికి సిద్ధపడినది. ఐతే కోరిక చావలేదు. లిబ్రాను విడిచిపోయిన పేపాల్ 2023లో డాలరుతో ముడిపడిన తన స్వంత నాణేన్ని తెచ్చినది. అమెరికాలో 2025 జూలైలో ఇట్టి నాణేలకు చట్టం ఏర్పడినది. నాణెం వెనుక అంతకంత విలువగల నిల్వ ఉంచవలెనని అది నిర్బంధించినది. పేరు అరువిచ్చినంత మాత్రాన చాలదు, సొమ్ము చూపవలెనని అడగడం పూచీ దిశగా ఒక అడుగే.

రాజ్యాన్ని నమ్ముదామా, సంస్థను నమ్ముదామా, యంత్రాన్ని నమ్ముదామా అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. రాజ్యం తప్పు చేయదని కాదు. అది తప్పు చేసినప్పుడు అడిగే చోటు ఉన్నది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో వ్యాపారులకు బ్యాంకుల తలుపులు మూసివేయించగా, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. దేశపు ధనానికి అధిపతి అయిన సంస్థ సైతం న్యాయస్థానంలో నిలబడి కారణం చెప్పవలసివచ్చినది. ఫేస్‌బుక్ అధిపతి కూడా 2019 అక్టోబరు 23న అమెరికన్ ప్రతినిధుల ముందు గంటలకొలది జవాబు చెప్పినాడు. కాని అక్కడ ప్రశ్నించినవారు అమెరికన్ ఓటర్లు ఎన్నుకొన్నవారు. ఆ సంస్థకు అత్యధికంగా వాడుకదారులున్న భారతదేశం తరఫున అడగడానికి ఆ సభలో కుర్చీ లేదు. మన నమ్మకాన్ని పుచ్చుకొనేవాడు ఎక్కడ ఉన్నాడో, అతనిని అడిగే హక్కు కూడా మనకు అక్కడ ఉండవలె. లేనిచోట ఆ నమ్మకం దానమవుతుంది గాని ఒడంబడిక కాదు.

బ్లాక్‌చైన్ మంచి సాక్షి. దానిని నిందించవలసిన పని లేదు; మనుషుల సాక్ష్యం ఎంత బలహీనమో ఎరిగినవారు ఇట్టి సాక్షిని స్వాగతింపవలె. మహాసంస్థలు శక్తిమంతమైనవి, ఆ శక్తి లోకానికి ఉపయోగపడగలదు. కాని శక్తిమంతుడు సాక్షిని వెంటబెట్టుకొని వచ్చినంత మాత్రాన పూచీదారు కాడు. రేపు ఏ సంస్థ ఏ పేరుతో ఏ నాణేన్ని మన గుమ్మంలోకి తెచ్చినా, దాని యంత్రం ఎంత గొప్పదో అడగడానికి ముందు, చిట్టా ఎవరి చేతిలో ఉన్నది, తప్పు పడితే దిద్దేవాడెవడు, సొమ్ము పోతే తన సంచిలో నుండి ఇచ్చేవాడెవడు అని అడగవలె. పూర్వం పల్లెలో అక్షరం రాని రైతు సైతం అప్పు పత్రంపై వేలిముద్ర వేయడానికి ముందు ఈ ప్రశ్నలు అడిగేవాడు. చదువుకొన్న మనం అతనికంటె తక్కువ అడగడానికి కారణమేమీ కనిపించదు.